రామ్‌డిస్క్ ఏ మలుపులో తప్పిపోయింది: బాలానగర్ లాగర్ ప్రాజెక్టు డైరీ

సోమవారం

బాలానగర్ పారిశ్రామికవాడలోని ఒక చిన్న మెషిన్ షాపు కోసం, లేతుల కంపనాలనూ మోటార్లు తీసుకునే కరెంటునూ నమోదు చేసే పెట్టెను (లాగర్‌ను) మేము తయారు చేస్తున్నాం. లోపల ఉన్నది బీగిల్‌బోన్ బ్లాక్ బోర్డు: టెక్సస్ ఇన్‌స్ట్రుమెంట్స్ వారి ఏఎమ్335ఎక్స్ ప్రాసెసరు, 512 ఎంబీ ర్యామ్, 4 జీబీ ఈఎమ్ఎమ్‌సీ (బోర్డు మీదే ఉన్న ఫ్లాష్ నిల్వ). ఆ షాపులో సాయంత్రం మెయిన్ స్విచ్ దించితే అన్నీ ఒక్కసారిగా ఆగిపోతాయి. వానాకాలంలో స్విచ్ దించే అవసరం కూడా ఉండదు. పెట్టెను ఎవరూ పద్ధతిగా షట్‌డౌన్ చేయరు, చేయమని వారిని అడగడం న్యాయమూ కాదు. అందుకే రూట్ ఫైల్‌సిస్టమ్‌ను (ఆపరేటింగ్ సిస్టమ్ ఫైళ్లుండే చోటును) స్క్వాష్‌ఎఫ్‌ఎస్ అనే కుదించిన రూపంలో చదవడానికి మాత్రమే ఉంచి, దానిమీద మార్పులను వేరుగా పట్టే ఓవర్‌లేఎఫ్‌ఎస్ పొర వేసి, రాతలు జరిగే డేటా పార్టిషన్‌ను ప్రతి బూట్‌లోనూ తనిఖీ చేశాకే మౌంట్ చేస్తాం. ఇవన్నీ అసలు రూట్‌లోకి అడుగు పెట్టకముందే జరగాలి కాబట్టి మాకు ఇనిట్‌రామ్‌ఎఫ్‌ఎస్ (బూట్ మొదట్లో ర్యామ్‌లోనే విప్పుకునే చిన్న ఫైల్‌సిస్టమ్; ఈ డైరీలో రామ్‌డిస్క్ అన్నది దీనినే) తప్పనిసరి.

ఇంతకాలం 4.19 లినక్స్ కెర్నల్‌తో నడిచాం. ఆ శ్రేణికి నిర్వహణ 2024 డిసెంబరులో ముగిసింది కనుక 6.12కి మారాలని నిర్ణయించాం. కొత్త కెర్నల్, కొత్త టూల్‌చెయిన్ (కంపైలరు, లైబ్రరీల సమితి), కొత్త డివైస్ ట్రీ (బోర్డు మీద ఏ పరికరాలున్నాయో కెర్నల్‌కు చెప్పే ఫైలు) పెట్టి బోర్డును ఆన్ చేస్తే వచ్చిన ఫలితం అందరికీ తెలిసిన పంక్తే: 'కెర్నల్ ప్యానిక్ - నాట్ సింకింగ్: వీఎఫ్‌ఎస్: అనేబుల్ టు మౌంట్ రూట్ ఎఫ్‌ఎస్ ఆన్ అన్‌నోన్-బ్లాక్(0,0)'. అంటే రూట్‌ను మౌంట్ చేయలేక కెర్నల్ నిలిచిపోయింది.

ఈ పంక్తిని చూడగానే చాలామంది ఈఎమ్ఎమ్‌సీ డ్రైవరు వెంట పడతారు. మా విషయంలో అది దారి కాదు. మా కెర్నల్ కమాండ్ లైన్‌లో 'రూట్=' అనే పరామితి లేనే లేదు; రూట్‌ను వెతికే బాధ్యత మొత్తం ఇనిట్‌రామ్‌ఎఫ్‌ఎస్‌లోని ఇనిట్ స్క్రిప్టుది. ఆ స్క్రిప్టు కనబడనప్పుడే కెర్నల్ తన పాత అలవాటు ప్రకారం తానే రూట్‌ను మౌంట్ చేయబోయి, ఏ పరికరమో తెలియక (0,0) దగ్గర చతికిలబడుతుంది. కాబట్టి ఈ ప్యానిక్ చెప్పేది ఒకటే: స్లాష్ ఇనిట్ అనే ఫైలు కెర్నల్ చేతికి అందలేదు. ఎందుకు అందలేదన్నది ఆ పంక్తిలో ఉండదు, దానికి చాలా పైన ఉంటుంది. కమాండ్ లైన్‌లో 'రూట్=' పెట్టకపోవడం కూడా మేము కావాలని తీసుకున్న నిర్ణయమే. అది ఉంటే, రామ్‌డిస్క్ పోయినా కెర్నల్ గుట్టుగా ఈఎమ్ఎమ్‌సీని మౌంట్ చేసుకుని లేచి కూర్చుంటుంది; తనిఖీలేవీ జరగడం లేదన్న సంగతి డేటా పాడయ్యాకే బయటపడుతుంది.

రామ్‌డిస్క్ ప్రయాణంలో మలుపులను ముందుగా కాగితం మీద రాసుకున్నాను. యూ-బూట్ (కెర్నల్‌ను మొదలుపెట్టే బూట్‌లోడరు) దానిని ఈఎమ్ఎమ్‌సీ నుండి ర్యామ్‌లోకి చదవాలి. దాని మొదలు, చివర చిరునామాలను డివైస్ ట్రీలోని 'చోజెన్' నోడ్‌లో రాయాలి. కెర్నల్ ఆ చిరునామాలను నమ్మి, ఆ చోటును తనకోసం అట్టేపెట్టుకోవాలి. తర్వాత కంప్రెషన్ విప్పి, లోపలి సీపీఐఓ ఆర్కైవ్‌ను (ఫైళ్లన్నిటినీ ఒకే మూటగా కట్టిన ఫైలును) ర్యామ్‌లోని రూట్ఎఫ్‌ఎస్‌లోకి దించాలి. ఆపైన ఇనిట్‌ను నడపాలి. చివరగా ఇనిట్ అసలు రూట్‌ను మౌంట్ చేసి, స్విచ్_రూట్‌తో దానిలోకి మారాలి. వీటిలో మొదటి నాలుగింటిలో ఏది విఫలమైనా తెరమీద చివరికి కనబడేది అదే ప్యానిక్.

పాత తరహా ఇనిట్ఆర్‌డీ వేరు, ఇనిట్‌రామ్‌ఎఫ్‌ఎస్ వేరు. మొదటిది ఒక బ్లాక్ డివైస్ ప్రతిరూపం, ర్యామ్‌లో డిస్కులా మౌంట్ అవుతుంది, రెండవది 2.6 కెర్నల్ కాలంలో వచ్చిన సీపీఐఓ ఆర్కైవ్, దానికి బ్లాక్ డివైస్‌తో పని లేదు. పేర్లు మాత్రం నేటికీ కలగలిసి ఉన్నాయి: ఇనిట్‌రామ్‌ఎఫ్‌ఎస్‌కు కావలసిన కెర్నల్ కాన్ఫిగరేషన్ ఎంపిక పేరు ఇప్పటికీ 'బీఎల్‌కే_డెవ్_ఇనిట్ఆర్‌డీ'యే.

మంగళవారం

కోఠి గుజరాతీ గల్లీలో కొన్న యూఎస్‌బీ-టీటీఎల్ కేబుల్‌ను బోర్డు మీది జే1 పిన్నులకు కలిపాను. ఆ దుకాణాల్లో దొరికే కొన్ని కన్వర్టర్లలో 5 వోల్టులు, 3.3 వోల్టులు అని ఎంచుకునే జంపర్ ఉంటుంది. ఏఎమ్335ఎక్స్ పిన్నులు 5 వోల్టుల సంకేతాన్ని తట్టుకోలేవు కనుక కలపకముందే దానిని 3.3 మీద ఉంచడం అవసరం. వేగం 115200. తెరమీద కనబడినది చదవడంతో సరిపెట్టక, మొదటి అక్షరం నుండి మొత్తం లాగ్‌ను ఫైలులోకి మళ్లించాను.

పైనుండి చదివితే కారణం దాదాపు మొదటి పేజీలోనే ఉంది: 'ఇనిట్ఆర్‌డీ: ... ఓవర్‌ల్యాప్స్ ఇన్-యూజ్ మెమరీ రీజియన్ - డిసేబ్లింగ్ ఇనిట్ఆర్‌డీ'. రామ్‌డిస్క్ ఉన్న చోటులో తన సామాను ఏదో ఉందని కెర్నల్ గుర్తించి, దానిని పక్కన పెట్టేసింది. ఈ పంక్తి బూట్ తొలి క్షణాల్లోనే అచ్చవుతుంది, ఆపైన వందల పంక్తులు దొర్లిపోతాయి, ప్యానిక్ సమయానికి అది తెర దాటిపోయి ఉంటుంది.

ఇక చిరునామాల లెక్క. ఇక్కడ అన్నీ హెక్సాడెసిమల్‌లోనే రాస్తున్నాను. ఈ ప్రాసెసరులో ర్యామ్ 80000000 దగ్గర మొదలవుతుంది. మాకు వారసత్వంగా వచ్చిన బూట్ స్క్రిప్టు రామ్‌డిస్క్‌ను 81000000 దగ్గర, అంటే ర్యామ్ మొదలు నుండి సరిగ్గా 16 ఎంబీ దూరంలో పెడుతుంది. జెడ్ఇమేజ్ (కుదించిన కెర్నల్ ఫైలు) తనను తాను విప్పుకున్నాక కెర్నల్ ఉండేది ర్యామ్ అడుగుభాగంలోనే. కెర్నల్ ఎంత దూరం విస్తరిస్తుందో తెలుసుకోవడానికి కెర్నల్ గుర్తుల చిరునామాలుండే సిస్టమ్.మ్యాప్ ఫైలులో '_ఎండ్' అనే గుర్తును చూస్తే చాలు. మా అమరికలో వర్చువల్ సీ0000000కు భౌతిక 80000000 సరిపోతుంది కనుక, ఆ గుర్తు సీ1000000 దాటితే కెర్నల్ తోక రామ్‌డిస్క్ మీద పడినట్టే. 4.19లో అది దాటలేదు, 6.12లో, మేము లోపలే కలిపిన డ్రైవర్లతో సహా, దాటింది.

అయితే యూ-బూట్ మామూలుగా రామ్‌డిస్క్‌ను ర్యామ్ పైభాగానికి తరలించి, ఆ తర్వాతే కెర్నల్‌కు అప్పగిస్తుంది. అలా తరలించినప్పుడు 'లోడింగ్ రామ్‌డిస్క్ టు' అనే పంక్తి, రెండు చిరునామాలతో సహా, లాగ్‌లో కనబడాలి. మా లాగ్‌లో అది లేదు. యూ-బూట్ ఎన్విరాన్‌మెంటు (దాని అమరికల చలరాశులు) తీసి చూస్తే 'ఇనిట్ఆర్‌డీ_హై' అనే చలరాశిలో ఎనిమిది 'ఎఫ్'లు ఉన్నాయి. అంటే 'తరలించవద్దు, ఉన్నచోటే ఉంచు' అని ఆజ్ఞ. బూట్ సమయంలో కాస్త ఆదా కోసం దానిని ఎప్పుడో ఎవరో పెట్టి ఉంటారు. మూడు ఎంబీల రామ్‌డిస్క్ కాపీకి పట్టే సమయం ఈ బోర్డులో లెక్కలోకి వచ్చేది కాదు కనుక ఈ పొదుపు నాకు నచ్చదు. ఆ చలరాశిని, దానితోపాటు డివైస్ ట్రీకి అదే ఆజ్ఞ ఇచ్చే 'ఎఫ్‌డీటీ_హై'ని తొలగించి, ఈ బోర్డుకు యూ-బూట్‌లో ముందే ఉన్న చిరునామాలనే వాడుకున్నాం: కెర్నల్ 82000000, డివైస్ ట్రీ 88000000, రామ్‌డిస్క్ 88080000. చివరి రెండింటి నడుమ 512 కేబీల ఖాళీ ఉంటుంది. డివైస్ ట్రీకి అది ధారాళంగా సరిపోతుంది.

బుధవారం

ఓవర్‌ల్యాప్ పంక్తి పోయింది, 'లోడింగ్ రామ్‌డిస్క్ టు' పంక్తి వచ్చింది, ప్యానిక్ మాత్రం అక్షరం మారకుండా అలాగే ఉంది. ఈసారి మధ్యలో 'ఇనిట్‌రామ్‌ఎఫ్‌ఎస్ అన్‌ప్యాకింగ్ ఫెయిల్డ్' అని మరొక పంక్తి చేరింది.

అనుమానించదగినవి రెండున్నాయి: ఆర్కైవే చెడ్డదా, లేక మంచి ఆర్కైవ్ దారిలో చెడిందా? మొదటిదానిని ల్యాప్‌టాప్ మీదే తేల్చవచ్చు. అదే ఆర్కైవ్‌ను క్యూఈఎమ్‌యూ ఎమ్యులేటరులోని 'వర్ట్' అనే ఆర్మ్ యంత్రానికి '-ఇనిట్ఆర్‌డీ'తో ఇచ్చి చూశాను. అక్కడ చక్కగా విప్పుకుంది. ఈ ఒక్క పరీక్షతో చాలా అనుమానాలు తీరతాయి. సీపీఐఓను 'న్యూసీ' రూపంలో కాక పాత రూపంలో కట్టడం, డైరెక్టరీ బయట నిలబడి కట్టడం వల్ల ప్రతి ఫైలు పేరు ముందూ అదనపు డైరెక్టరీ పేరు చేరడం, ఎక్స్‌జెడ్‌తో కుదించేటప్పుడు కెర్నల్‌కు అర్థమయ్యే సీఆర్‌సీ32 తనిఖీకి బదులు అలవాటుగా సీఆర్‌సీ64 వాడటం, ఎల్‌జెడ్4లో పాత రూపాన్ని కోరే '-ఎల్' మరచిపోవడం వంటివన్నీ ఇక్కడే పట్టుబడతాయి. మాది జీజిప్ కనుక చివరి రెండింటి బెడద లేదు. కాకపోతే క్యూఈఎమ్‌యూ కెర్నల్‌లోనూ బోర్డు కెర్నల్‌లోనూ 'ఆర్‌డీ_జీజిప్' ఎంపిక ఒకేలా ఉందని చూసుకోవాలి; లేకపోతే ఈ పరీక్షకు విలువ ఉండదు.

రెండవదానికి, అంటే దారిలో చెడటానికి, చేసిన ఏర్పాటు ఈ ప్రాజెక్టులో నాకు అన్నిటికంటే ఉపయోగపడింది కనుక వివరంగా రాస్తున్నాను. 'ఇనిట్‌రామ్‌ఎఫ్‌ఎస్_సోర్స్' అనే కాన్ఫిగరేషన్ ఎంపికతో ఒక చిన్న ఆర్కైవ్‌ను కెర్నల్ లోపలే కలిపి పరీక్ష కెర్నల్ ఒకటి తయారు చేశాను. అందులో స్టాటిక్‌గా (లైబ్రరీలను లోపలే కలిపి) లింక్ చేసిన బిజీబాక్స్ (షెల్‌తో సహా అనేక ఆజ్ఞలు ఒకే ఫైలులో ఉండే ప్రోగ్రాము), కన్సోల్ కోసం 5, 1 సంఖ్యలున్న డివైస్ నోడ్, షెల్ తెరిచే చిన్న స్క్రిప్టు తప్ప మరేమీ లేవు. కన్సోల్ నోడ్ ఎందుకంటే, అది లేకపోతే షెల్ నడుస్తున్నా మనకు ఏమీ కనబడదు. 'అనేబుల్ టు ఓపెన్ యాన్ ఇనీషియల్ కన్సోల్' అన్న హెచ్చరిక ఒక్కటే మిగులుతుంది. బిజీబాక్స్‌నూ స్క్రిప్టునూ మామూలు 'బిన్'లో కాక 'పరీక్ష' అనే వేరే డైరెక్టరీలో ఉంచి, 'ఆర్‌డీఇనిట్=' పరామితితో ఆ దారినే చూపించాను. కెర్నల్ ముందు లోపలి ఆర్కైవ్‌ను, దానిమీద బూట్‌లోడరు ఇచ్చిన బయటి ఆర్కైవ్‌ను విప్పుతుంది. పేర్లు ఒకటే అయితే, సగంలో తెగిన బయటి బిజీబాక్స్ లోపలి మంచిదాని మీదికి వచ్చి కూర్చుంటుంది. దీనికి తోడు కమాండ్ లైన్‌లో 'రిటెయిన్_ఇనిట్ఆర్‌డీ' అని చేర్చాను. అది ఉంటే కెర్నల్ రామ్‌డిస్క్ చోటును ఖాళీ చేయకుండా అట్టేపెట్టి, దానిని, కెర్నల్ తన సమాచారాన్ని ఫైళ్లుగా చూపే సిస్‌ఎఫ్‌ఎస్‌లో 'ఫర్మ్‌వేర్' కింద 'ఇనిట్ఆర్‌డీ' అనే ఫైలుగా చూపిస్తుంది. అంటే బూట్‌లోడరు నుండి కెర్నల్‌కు నిజంగా ఏమి చేరిందో కళ్లారా చూడవచ్చు.

షెల్ వచ్చింది, ఫైలు ఉంది. కానీ దాని పరిమాణం మూడు ఎంబీలు కాదు, వంద కేబీ కూడా లేదు. ఆ సంఖ్యను పట్టుకుని బూట్ పార్టిషన్‌లోని ఫైళ్లను వరుసగా చూస్తే, బైటుతో సహా సరిపోయింది డివైస్ ట్రీ ఫైలుకు. లోపలున్న సరుకు మాత్రం రామ్‌డిస్క్ మొదటి భాగమే.

ఇక్కడితో కథ తేలిపోయింది. యూ-బూట్‌లో ఏ ఫైలును చదివినా దాని పరిమాణం 'ఫైల్‌సైజ్' అనే ఒకే చలరాశిలో పడుతుంది. మరుసటి ఫైలు చదవగానే పాత విలువ చెరిగిపోతుంది. ముడి సీపీఐఓను, కెర్నల్‌ను మొదలుపెట్టే బూట్‌జెడ్ ఆజ్ఞకు ఇచ్చేటప్పుడు చిరునామా పక్కన కోలన్ పెట్టి పరిమాణం చెప్పాలి, మా స్క్రిప్టు అక్కడ 'ఫైల్‌సైజ్'నే ఇస్తోంది. పాత స్క్రిప్టులో రామ్‌డిస్క్‌ను చివరగా చదివేవారు కనుక అది సరిపోయింది. బోర్డు రకాన్ని బట్టి డివైస్ ట్రీని ఎంచుకునే కొత్త పంక్తులు రామ్‌డిస్క్ తర్వాత చేరాక, పరిమాణం డివైస్ ట్రీది అయింది. ఆర్కైవ్‌ను కట్టే బిల్డ్‌రూట్ సాధనం అందులోని పేర్లను అక్షరక్రమంలో పేరుస్తుంది కాబట్టి మొదట వచ్చేది 'బిన్'. ఆ కొద్దిపాటి సరుకులో బిజీబాక్స్ కూడా పూర్తిగా పట్టలేదు, ఇక ఇనిట్ వరకు చేరే ప్రశ్నే లేదు. పరిశీలనగా చూస్తే 'లోడింగ్ రామ్‌డిస్క్ టు' పంక్తిలోని రెండు చిరునామాల తేడా కూడా ఇదే మాట చెబుతోంది. రామ్‌డిస్క్ చదివిన వెంటనే దాని పరిమాణాన్ని 'ఆర్‌డీసైజ్' అనే వేరే చలరాశిలోకి తీసుకోవడంతో ఈ అధ్యాయం ముగిసింది.

గురువారం

ఈరోజు మొదటిసారిగా 'రన్ స్లాష్ ఇనిట్ యాజ్ ఇనిట్ ప్రాసెస్' అన్న పంక్తి కనబడింది. దాని కిందే 'ఫెయిల్డ్ టు ఎగ్జిక్యూట్ స్లాష్ ఇనిట్ (ఎర్రర్ -2)', ఆపైన 'నో వర్కింగ్ ఇనిట్ ఫౌండ్'. ప్యానిక్ మాట మారిందంటే మలుపు దాటామన్నమాటే.

మైనస్ 2 అంటే ఫైలు లేదని అర్థం. ఫైలు మాత్రం ఎదురుగానే ఉంది. లేనిది ఇనిట్ కాదు, దానిని నడిపించాల్సినది. ఇనిట్ ఒక షెల్ స్క్రిప్టు, దాని మొదటి పంక్తి షెల్‌ను పిలుస్తుంది, ఆ షెల్ బిజీబాక్స్, ఆ బిజీబాక్స్ డైనమిక్‌గా లింక్ అయినది. 'రీడ్ఎల్ఫ్ -ఎల్'తో చూస్తే అది మజల్ అనే సీ లైబ్రరీకి చెందిన ఆర్మ్ హార్డ్‌ఫ్లోట్ లోడరును అడుగుతోంది. టూల్‌చెయిన్‌ను జీలిబ్‌సీ నుండి మజల్‌కు మార్చాం, కానీ ఆర్కైవ్‌లోకి ఏ లైబ్రరీలు పోవాలో చెప్పే జాబితాలో ఇంకా జీలిబ్‌సీ లోడరే ఉంది. జాబితాను సవరించే బదులు బిజీబాక్స్‌ను స్టాటిక్‌గా కట్టాం. ఇనిట్‌రామ్‌ఎఫ్‌ఎస్‌లో డైనమిక్ లింకింగ్ వల్ల ఆదా అయ్యే చోటు కంటే తెచ్చిపెట్టే చిక్కులే ఎక్కువని నా అభిప్రాయం. ఇదే చోట మైనస్ 13 వస్తే ఎగ్జిక్యూట్ అనుమతి లేదని, మైనస్ 8 వస్తే స్క్రిప్టులను గుర్తించే 'బిన్‌ఎఫ్‌ఎమ్‌టీ_స్క్రిప్ట్' ఎంపిక కెర్నల్‌లో లేదని గాని, వేరే ప్రాసెసరుకు కట్టిన బైనరీ వచ్చిందని గాని మొదట అనుమానించాలి.

ఆ వెనువెంటనే మరొకటి: 'అటెంప్టెడ్ టు కిల్ ఇనిట్! ఎగ్జిట్‌కోడ్=00007ఎఫ్00'. ఇది చదవడం తేలిక. పై బైటులోని 7ఎఫ్ అంటే 127, షెల్ భాషలో 'అలాంటి ఆజ్ఞ లేదు'. కొత్త స్టాటిక్ బిజీబాక్స్ కాన్ఫిగరేషన్‌లో స్విచ్_రూట్ ఆప్లెట్ లేదు, చేర్చాం. స్విచ్_రూట్‌ను ఎప్పుడూ 'ఎగ్జెక్'తోనే పిలవాలి, ఎందుకంటే అది ఒకటవ నంబరు ప్రాసెస్‌గా తప్ప పనిచేయదు.

ఈఎమ్ఎమ్‌సీ గురించి ఒక్క మాట. 'రూట్‌వెయిట్' పరామితి కెర్నల్ తానుగా రూట్‌ను మౌంట్ చేసేటప్పుడే పనికొస్తుంది. ఇనిట్‌రామ్‌ఎఫ్‌ఎస్‌లో ఎదురుచూపులు మన స్క్రిప్టు బాధ్యత. డివైస్ నోడ్ కనబడేవరకు కొద్దికొద్దిసేపు ఆగి చూసే లూపు, దానికొక గడువు, గడువు దాటితే సీరియల్ మీద షెల్ పెట్టాం. ఎస్‌డీ కార్డు ఉన్నప్పుడూ లేనప్పుడూ సంఖ్య మారినా ఇబ్బంది రాకుండా డేటా పార్టిషన్‌ను యూయూఐడీతోనే వెతుకుతున్నాం.

శనివారం, బాలానగర్

షాపులోనే పరీక్ష. రిలే ఒకటి పెట్టి, లాగర్ రాతలు సాగుతుండగా కరెంటు తీసి మళ్లీ ఇచ్చే ఏర్పాటు చేశాం. యజమాని వచ్చి, "మా దగ్గర పోయే కరెంటు చాలదనా సార్, మీరు కూడా తీస్తున్నారు?" అని నవ్వారు.

పరీక్ష బల్ల మీద ఎన్నడూ కనబడని ప్యానిక్ ఇక్కడ కనబడింది: ఎగ్జిట్‌కోడ్ 00000100. అంటే ఇనిట్ స్క్రిప్టు 1 అనే విలువతో ముగిసిపోయింది. కారణం తనిఖీ ఆజ్ఞలోనే ఉంది. ఫైల్‌సిస్టమ్ తనిఖీ ప్రోగ్రామైన ఈ2ఎఫ్‌ఎస్‌సీకే ఏ లోపమూ లేకపోతే 0 తిరిగిస్తుంది, లోపాలు కనబడి వాటిని సరిదిద్దగలిగితే 1 ఇస్తుంది, సరిదిద్దాక రీబూట్ అవసరమైతే 2, సరిదిద్దలేక వదిలేస్తే 4 ఇస్తుంది. ఇవి కలిసి కూడా రావచ్చు. ఈ మార్పులతోపాటు స్క్రిప్టు పైభాగంలో 'సెట్ -ఈ' చేరింది, దానితో సున్నా కాని ప్రతి విలువా వైఫల్యమే అయింది. అంటే ఫైల్‌సిస్టమ్ బాగుపడిన ప్రతిసారీ, అది బాగుపడినందుకే, పెట్టె చచ్చిపోతోంది. శుభ్రంగా ఆపి శుభ్రంగా లేపే పరీక్షల్లో ఇది బయటపడే అవకాశమే లేదు. కరెంటు పోయిన పూటే బయటపడుతుంది, ఈ పెట్టె ఉన్నది ఆ పూట కోసమే.

ఇప్పుడు విలువను ముందు ఒక చలరాశిలోకి తీసుకుని, 0, 1 వస్తే ముందుకు పోతున్నాం. 2 బిట్ ఉంటే రీబూట్ చేస్తున్నాం. 4 గాని అంతకు మించినది గాని వస్తే డేటా పార్టిషన్‌ను మౌంట్ చేయకుండా, రీడింగులను ర్యామ్‌లోనే ఉండే టెంప్‌ఎఫ్‌ఎస్‌లోకి మళ్లించి, పెట్టె ముందున్న ఎర్ర ఎల్ఈడీని వెలిగిస్తున్నాం. లేతు పనివారు ఆ దీపం చూసి మాకు ఫోను చేస్తే చాలు. వారు సీరియల్ కేబుల్ పట్టుకోనక్కర లేదు. కమాండ్ లైన్‌లో 'ప్యానిక్=10' కూడా చేర్చాం, ఏదైనా ప్యానిక్ వస్తే పది సెకన్ల తర్వాత బోర్డు తానే మళ్లీ మొదలవుతుంది. పరీక్ష కెర్నల్‌లో మాత్రం అది ఉండకూడదు, లేకపోతే చదవకముందే తెర చెరిగిపోతుంది.

వచ్చే వారానికి మిగిలిన పని: కెర్నల్, డివైస్ ట్రీ, రామ్‌డిస్క్ మూడింటినీ ఫిట్ ఇమేజ్ అనే, యూ-బూట్ చదివే ఒకే ఉమ్మడి ఫైలుగా కట్టి, ప్రతిదానికీ ఎస్‌హెచ్‌ఏ256 హ్యాష్ చేర్చడం. అప్పుడు పరిమాణాల లెక్క స్క్రిప్టు చేతిలో ఉండదు, తెగిన సరుకును కెర్నల్‌దాకా పోనివ్వకుండా యూ-బూటే నిలిపేస్తుంది. అందులో రామ్‌డిస్క్‌కు కంప్రెషన్ 'నన్' అని రాయాలి. జీజిప్‌ను విప్పే పని కెర్నల్‌ది, బూట్‌లోడరుది కాదు. పాత స్క్రిప్టుతో నడుస్తున్న మిగిలిన పెట్టెల్లో 'ఇనిట్ఆర్‌డీ_హై' ఇంకా అలాగే ఉంది కనుక, వాటికి కొత్త కెర్నల్ పంపే ముందు ఎన్విరాన్‌మెంటును సవరించే అప్‌డేట్ మొదట వెళ్లాలి.